ఆయుష్షు పెంచిన పాట

టెక్సస్‌లో బెల్‌క్రీక్ అనే పత్తిచేల ఊళ్లో, తెలుగు డాక్టరుగారి అమ్మాయి నళిని పశువుల సంతలో గిటార్ పట్టుకుని అక్కడి పల్లెజనం కంట్రీ పాటలు పాడింది. ముందు నవ్వినవాళ్లే పాట అయ్యాక టోపీలు తీశారు. తల్లి రాధారాణి ఆమెను కార్లో ఊరూరా తిప్పింది. వెనక నిలబడి వినేది, ఎక్కడ శ్రుతి తప్పిందో తిరుగుదారిలో చెప్పేది.

ఆ పాటలకు రాజధాని లాంటి నాష్‌విల్ నుంచి పిలుపు వచ్చేసరికి 1981. అక్కడ మేనేజర్ డేల్ నళినిని నెల్ రివర్స్‌ని చేశాడు. ఆ పెద్దమనిషి పేరు మార్చడంతో ఆగినా బాగుండేది. చనిపోయిన అమ్మను తలచుకునే పాట ఒకటి పాడించి, అది నెల్ సొంత కథేనని రేడియోవాళ్లకు చెప్పాడు. పాట దేశమంతా మోగిపోయింది. నళిని నోరు మెదపలేదు. ఎన్ని సాకులు చెప్పుకున్నా అదీ అబద్ధమే. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

సిగ్గుతో ఫోన్ చేస్తే రాధారాణి నవ్వేసింది.

"పోనీలేవే. బతికున్నవాళ్లని పోయారంటే ఆయుష్షు పెరుగుతుందంటారు. ఈ లెక్కన నేను నూరేళ్లు దాటేస్తాను."

"సారీ అమ్మా. డాలస్ షోకి రా. స్టేజ్ మీద నేనే ట్రూత్ చెప్తాను. ప్రామిస్."

డాలస్‌లో హాలు కిక్కిరిసింది. రాధారాణి మూడో వరుసలో కూర్చుంది. ఆ పాటకు ముందే చెప్పేయాలని నళిని మైకు దగ్గరికి వచ్చింది. అప్పటికే జనం లేచి, పోయిన తమ అమ్మల కోసం, నెల్ వాళ్లమ్మ కోసం లైటర్లు వెలిగించి పైకెత్తారు. ఆ పాటకు ప్రతి ఊళ్లోనూ అదే అలవాటు. పక్కనున్న పెద్దావిడ కళ్లు తుడుచుకుంటూ రాధారాణి చేతిలోనూ ఒకటి పెట్టింది. వద్దంటే బాగుండదని రాధారాణి దాన్ని ఎత్తి పట్టుకుంది.

తన చావుకి తనే దీపం పట్టిన తల్లి నళిని కంటపడింది. చెప్పాల్సిన మాట పెదవి దాటలేదు. బ్యాండు అందుకుంది, ఆమె పాడేసింది. రెండో చరణంలో గొంతు పూడుకుపోతే హాలంతా చప్పట్లు కొట్టింది.

షో అయ్యాక మేకప్ గదిలో తల్లి ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చింది.

"చెప్పలేదు అమ్మా. నేను చెప్పలేదు."

రాధారాణి ఆమె జుట్టు నిమిరింది.

"రెండో చరణంలో శ్రుతి తప్పావు" అంది. "అక్కడ నాక్కూడా ఏడుపొచ్చేసిందే. పాపం, ఆ నెల్ వాళ్లమ్మ నిజంగానే పోయిందనిపించింది."