సరిచూసినవారి సంతకం

నీళ్ళు శుద్ధి చేసే ఆ ప్లాంటులో ల్యాబంటే రెండు గదులు, ఇద్దరు మనుషులు. ఒకరు పెద్దాయన, ముప్పై ఏళ్ళ సర్వీసు. రెండోది ఆయన మేనకోడలు. సన్నగా ఉండి గబగబా తిరుగుతుందని చిన్నప్పుడే ఆయన ఆమెకు పిచ్చుక అని పేరు పెట్టాడు. ల్యాబులోనూ అదే స్థిరపడిపోయింది. తల్లీతండ్రీ పోయాక ఆమెను పెంచిందీ, చదివించిందీ, కొలత గీతలుండే బ్యూరెట్టు గొట్టం పట్టుకోవడం నేర్పిందీ ఆయనే. కూరలో ఉప్పుకు కూడా ఈయన మోలారిటీ కడతాడని అత్తయ్య ఎగతాళి చేస్తుండేది.

ల్యాబులో రోజూ ఉండే పని, నీళ్ళలో క్లోరిన్ ఎంతుందో చూడడం. దానికి కొలబద్ద తయోసల్ఫేటు ద్రావణం; అది ఎంత ఖర్చయితే నీళ్ళలో అంత క్లోరిన్ ఉన్నట్టు. ఇరవై నాలుగు పాయింట్ ఎనిమిది గ్రాములు తూచి లీటరు చేస్తే దాని బలం సున్నా పాయింట్ ఒకటి మోలార్. కలిపిన రోజున్న బలం దానికి కలకాలం ఉండదు. వెలుతురు తగిలినా, క్రిములు పట్టినా నీరసపడిపోతుంది. అందుకే వారానికోసారి, బలం మారని డైక్రోమేటుతో పరీక్షించి, అసలు బలమెంతో పుస్తకంలో రాయాలి. చేసినవారి గడిలో పెద్దాయన సంతకం, సరిచూసినవారి గడిలో పిచ్చుక సంతకం. మావయ్య చేసిందాన్ని తను మళ్ళీ చేసి చూడడమంటే ఆయన్ని మొహం మీదే అనుమానించినట్టు. ఏడాదిన్నరగా ఆమె చూడకుండానే సంతకం పెడుతూ వచ్చింది.

ఎండలు ముదిరేసరికి పల్లపు వీధుల్లో వాంతులూ విరేచనాలూ మొదలయ్యాయి. వారంలో ఆసుపత్రిలో నేల మీద కూడా చోటు లేకుండా పోయింది. తొమ్మిది మంది చనిపోయారు. ఇంజనీరు ల్యాబు పుస్తకం తెప్పించుకుని చూశాడు. రోజూ క్లోరిన్ సరిపడా ఉంది. "మన నీళ్ళకేం లోటు లేదు. జనం డ్రమ్ములు కడుక్కోరు, అదీ సంగతి," అని బయట అందరికీ చెప్పాడు.

ఆ మర్నాడు ల్యాబు గుమ్మంలోకి ఒకావిడ రెండు సీసాలతో వచ్చింది. వీళ్ళ తెల్లకోట్లు కుట్టే దర్జీ భార్య. దర్జీ పోయి అప్పటికి ఐదు రోజులు.

"ఇది కుళాయి నీళ్ళమ్మా. ఇది మా డ్రమ్ములోది. ఏది చెడ్డదో చూసి చెప్పు," అంది.

"కూర్చోండి. ఎందుకండీ?"

"డ్రమ్ము కడక్కుండా మొగుణ్ణి చంపుకున్నానంటున్నారు మా అత్తగారు. నిజమే, ఆ వారం కడగలేదు. పెళ్ళి బట్టల పనిలో పడి ఊపిరాడలేదు."

పిచ్చుక కుళాయి నీళ్ళు ఫ్లాస్కులో పోసి, అయొడైడూ గంజీ వేసింది. క్లోరిన్ ఏమాత్రం ఉన్నా నీలం తిరగాలి. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. పొద్దున్న ప్లాంటులో తను చూసిన లెక్కకు, దారిలో ఎంత ఖర్చయినా, కొద్దిగానైనా మిగలాలి. రేపు చెబుతానని ఆవిణ్ణి పంపించి, తయోసల్ఫేటు సీసా తీసి వెలుతురుకేసి పట్టుకుంది. అడుగున పల్చటి పొడి మబ్బులా లేచింది. ద్రావణం విరిగిపోయిందనడానికి అది గుర్తు.

డైక్రోమేటు కొత్తగా తూచి నీళ్ళలో కలిపింది. దాంట్లో ఇరవై మిల్లీలీటర్లు తీసి పరీక్ష మొదలుపెట్టింది. తయోసల్ఫేటు రాసుకున్న బలంతోనే ఉంటే బ్యూరెట్టులో ఇరవై దగ్గర రంగు మారాలి. ఇరవై దాటింది. ఇరవై ఐదు దాటింది. ముప్పై మూడు పాయింట్ నాలుగు దగ్గర గానీ నీలం పోయి లేత పచ్చ రాలేదు. మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే. మూడోసారీ అంతే.

కొలబద్ద కురచైతే గుడ్డ పొడుగ్గా కనిపిస్తుంది. నీరసపడ్డ ద్రావణం ఎక్కువ ఖర్చవుతుంది, ఎక్కువ ఖర్చయితే క్లోరిన్ ఎక్కువున్నట్టు లెక్క తేలుతుంది. ఆ లెక్క చూసి క్లోరిన్ కలిపే గదివాళ్ళు నెలల తరబడి డోసు తగ్గించుకుంటూ వచ్చారు.

ముందు క్లోరిన్ గదికి ఫోన్ చేసి, "డోసు రెట్టింపు చేయండి, కారణం కాగితం మీద పంపిస్తాను," అంది. తర్వాత తూకాల గదిలోకి వెళ్ళింది. పెద్దాయన త్రాసు ముందు ఖాళీగా కూర్చుని ఉన్నాడు.

"మావయ్యా, తయో చూశాను."

ఆయన తల తిప్పలేదు. "ఎంత పట్టింది?"

"ముప్పై మూడు పాయింట్ నాలుగు."

"సున్నా పాయింట్ సున్నా ఆరు," అన్నాడు, కాగితం కలం లేకుండానే. అని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు.

"పుస్తకంలో ప్రతివారం సున్నా పాయింట్ ఒకటికి అటూ ఇటూగా ఉంది."

"రాశాను. చేయలేదు. కళ్ళలో పొర వచ్చిందే పిచ్చుకా. మామూలు పరీక్షలో నీలం పోయి తెల్లబడడం తెలుస్తుంది. డైక్రోమేటు దగ్గర నీలమేదో పచ్చేదో తెలియడం లేదు. మొదట్లో అందాజుగా ఆపాను. తర్వాత అదీ మానేశాను."

"నాతో ఒక్కమాట అనాల్సింది."

"నీకు నేర్పినవాణ్ణి. నాకు కనపడదని నీతో ఎలా అనను?" గొంతు తగ్గించాడు. "డోసు పెంచించావు కదా. ఇవాళే కొత్తది కలిపేద్దాం. పోయినవాళ్ళు ఎలాగూ తిరిగి రారు. చెబితే నీ ఉద్యోగం కూడా పోతుంది."

ఆ మాట ఆమెను ఆపింది. నిజంగానే ఆపింది. ఎదురుగా కూర్చున్నది తన ఫీజుల కోసం రెండు పూటలూ ట్యూషన్లు చెప్పిన మనిషి. కానీ ఇప్పుడు తను నోరు మూసుకుంటే, ఆ దర్జీ భార్య బతికున్నంత కాలం మొగుణ్ణి చంపినదిగానే బతకాలి.

"నేను రాసేస్తాను మావయ్యా," అంది. ఆయన వద్దనలేదు.

విచారణలో పెద్దాయన ఏదీ దాచలేదు. ఆ పిల్ల నా మాట కాదనలేక సంతకం పెట్టింది, తప్పంతా నాదే అన్నాడు. నన్నెవరూ బలవంతం చేయలేదని పిచ్చుక అంది. ఇద్దర్నీ ఉద్యోగాల్లోంచి తీసేశారు. ఆయన మీద కేసు నడుస్తోంది. అత్తయ్య తిట్టలేదు, ఏడవలేదు. పిచ్చుక బట్టలు సర్ది పెట్టె గుమ్మం దగ్గర పెట్టి, "ఆయన కళ్ళ సంగతి ముందు నాకు చెప్పి ఉండాల్సింది, ఊరికి కాదు," అని లోపలికి వెళ్ళిపోయింది. నాకూ ఆ రోజే తెలిసింది అత్తయ్యా అనడానికి పిచ్చుకకు నోరు రాలేదు.

విచారణ ముగిసేదాకా బయట నోరు విప్పొద్దన్నారు. ఇప్పుడు ఆ పెట్టెతోనే ఆమె దర్జీ ఇంటికి వెళ్ళింది. ఆవిడ మిషను ముందు కూర్చుని, మొగుడు కత్తిరించి పెట్టిపోయిన బట్టలు కుడుతోంది. పిచ్చుక నిలబడే మొత్తం చెప్పింది. ఆవిడ మిషను ఆపి విన్నది.

"అయితే నేను కాదు."

"కాదండి. మేము."

ఆవిడ లేచి లోపలి గది తలుపు తీసింది. "లోపలికి రా. మా అత్తగారి ముందు చెప్పు ఇదంతా."

లోపల ముసలామె మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుంది. పిచ్చుక మళ్ళీ మొదట్నుంచీ చెప్పింది. ముసలామె కోడలి వైపు చూడకుండా అంతా వింది.

"ఆ సంతకం పెట్టేముందు సరిగ్గా చూడాలంటే ఎంతసేపు పట్టేదమ్మా?" అని అడిగింది.

"పావుగంట అండి."

ముసలామె తల ఊపింది. కూర్చోమని గానీ పొమ్మని గానీ ఎవరూ అనలేదు. పిచ్చుక పెట్టె పట్టుకుని అలాగే నిలబడింది.