ఎడమచేతి పిడి

"డేగ చేతిలో పిస్టల్ ఉంది. తూటాలు అయిపోయాయి. తలుపు అవతల శత్రువు. ఇప్పుడేం చేస్తాడు?"

నేను మాడిన గిన్నె తోముతున్నాను. మా ఆయన కలం చెవిమీద పెట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. డేగ ఆయన నవలల్లో హీరో. ఆయనకి పుట్టిన హీరోయే గానీ, చిక్కుల్లో పడ్డప్పుడల్లా నా దగ్గరికే వస్తాడు.

"తూటాల మ్యాగజైన్ వదుల్తాడు," అన్నాను. "పిడి దగ్గర మీట ఉంటుంది, చూపుడువేలితో నొక్కితే చాలు. ఖాళీది కింద పడుతుంది, నిండుది లోపలికి వెళ్తుంది. వాడి చూపు మాత్రం తలుపు మీంచి కదలకూడదు."

"కింద పడితే చప్పుడవుతుందిగా?"

"తివాచీ పరవండి."

"భలే," అని అరచేతి మీద రాసుకుంటూ వెళ్ళిపోయాడు. గిన్నెకున్న మాడు ఇంకా వదల్లేదు.

తుపాకుల విషయంలో మా ఆయన తప్పు రాయడని పేరు. మిగతా రచయితల హీరోలు పరుగెత్తుతూ కాల్చి కొండమీదివాణ్ణి పడగొడతారు, తుపాకీ తీసుకుని వెనక్కి తిరిగి చూడకుండా నడిచిపోతారు. డేగ అలా కాదు. ఊపిరి సగం వదిలి ఆపుతాడు. ట్రిగ్గర్ లాగడు, మెల్లగా ఒత్తుతాడు. పేలాక కూడా చెయ్యి దించకుండా ఒక్క క్షణం అలాగే ఉంటాడు. కాలిన మందు వాసన వాడికి రాత్రంతా వేళ్ళమీద ఉంటుంది. పేలిన తూటా ఖాళీ గొట్టం ఎగిరొచ్చి కాలర్‌లో పడితే, కాలుతున్నా కదలడు. అదంతా చదివి పాఠకులు ఈయన ఏ రహస్య దళంలోనో పనిచేసి ఉంటాడని అనుకుంటారు. ఈయన నవ్వి ఊరుకుంటాడు. మొదటి నవలలో మాత్రం ఆరు తూటాల రివాల్వర్‌తో తొమ్మిదిమందిని చంపించాడు. పాఠకులు ఒక ఆట ఆడుకున్నారు. ఆ రోజు మొహం వేలాడేసుకుని నా పక్కన కూర్చుని, "నువ్వు కాలేజీలో ఏదో కాల్చేదానివి కదూ?" అని అడిగాడు.

ఏదో కాల్చేదాన్ని. కాలేజీ జట్టులో పిస్టల్ నాది. నాది ఎడంచేతి వాటం కాబట్టి పిడి విడిగా చెక్కించారు, నా అరచేతి గుంటలూ మిట్టలూ చూసి మరీ. పెళ్ళయ్యాక పిస్టల్ జట్టు దగ్గరే ఉండిపోయింది. ఆ చెక్క పిడి మాత్రం నాతో వచ్చింది. సాధన మానమని ఎవరూ గట్టిగా అన్లేదు. "తుపాకీ పట్టిన చేత్తో రేపు పిల్లలకి ఉగ్గెలా పెడతావే తల్లీ?" అని అత్తయ్య ప్రేమగానే అడిగింది. "ఆదివారాలే కదోయ్ నేను రాసుకునేది, నువ్వు ఇంట్లో లేకపోతే ఎలా?" అని ఈయన ఇంకా ప్రేమగా అడిగాడు. అంత ప్రేమగా అడిగారని మానేశాను. ఇప్పుడు ఆ పిడి ఈయన బల్లమీద కాగితాలు ఎగరకుండా బరువుకి పనికొస్తోంది. పత్రికలవాళ్ళు వచ్చినప్పుడల్లా దాన్ని ముందుకు జరిపి ఫోటో దిగుతాడు.

ఈసారి కొత్త నవల విడుదల ఊళ్ళోని పిస్టల్ షూటింగ్ క్లబ్బులో పెట్టారు. పోటీలు మొదలయ్యే రోజే సభ, ఈయనే ముఖ్య అతిథి. పిలుపు వచ్చిన సాయంత్రం నేను ఒక్కటే అడిగాను. డబ్బు కాదు, పుస్తకం అట్టమీద చోటు కాదు. "అక్కడైనా ఒక్కమాట చెప్పండి, ఇదంతా నేను చెప్పిందేనని."

"ఒక్కమాటేమిటి? నిన్ను లేపి నిలబెట్టి మరీ చెప్తాను," అన్నాడు.

నమ్మాను. బయల్దేరేముందు అద్దంలో చూసుకుంటూ, లేచి నిలబడ్డప్పుడు మొహం ఎలా పెట్టాలో కూడా ఒకసారి చేసి చూసుకున్నాను. ఇప్పుడది తలుచుకుంటే తల కొట్టేసినట్టుంటుంది.

క్లబ్బు గుమ్మంలోకి అడుగుపెట్టగానే కాలిన మందు వాసన తగిలింది. కాళ్ళు ఆగాయి. "ఏంటి, కడుపులో తిప్పుతోందా?" అన్నాడు ఈయన. ముందు వరసలో కూర్చున్నాను, ఒళ్ళో ఆయన కళ్ళజోడు పెట్టె, నీళ్ళ సీసా పెట్టుకుని.

పొగడ్తలు అయ్యాక క్లబ్బు కోచ్ లేచింది. తెల్లజుట్టు పొట్టిగా కత్తిరించుకున్న పెద్దావిడ. చేతిలో ఈయన నవల, మధ్యమధ్య చీటీలు పెట్టి ఉన్నాయి.

"సార్, మీది ఎడంచేతి వాటమా?"

"కాదండీ, ఎందుకు?"

"డేగదీ కాదు. కుడిచేత్తో తింటాడు, కుడిచేత్తో రాస్తాడు, కుడిచేత్తో కాలుస్తాడు. కానీ మ్యాగజైన్ మీట చూపుడువేలితో నొక్కుతాడు. ఆ మీట పిడికి ఎడంపక్కన ఉంటుంది సార్. కుడిచేతివాళ్ళు బొటనవేలితో నొక్కుతారు. చూపుడువేలు వాడేది ఎడంచేతివాళ్ళు. ఖాళీ గొట్టం కూడా అంతే, కుడిపక్కకి ఎగురుతుంది. కుడిచేత్తో కాలిస్తే దూరంగా పోతుంది. డేగకి మటుకు ఎగిరొచ్చి మెడమీద పడుతుంది." పుస్తకం మూసింది. "తప్పులు పట్టడానికి అడగట్లేదు. ఎడంచేత్తో కాల్చినవాళ్ళెవరో మీకు చెప్పారు. బాగా కాల్చినవాళ్ళే. వాళ్ళెవరో తెలుసుకోవాలనుంది."

నేను నిటారుగా కూర్చున్నాను. ఆయన చెప్తానన్న మాటని ఎవరో వలిచి చేతిలో పెట్టినట్టుంది. నోరు తెరిస్తే చాలు. మా ఆయన నావైపు చూశాడు. ఆ చూపులో లెక్కలు కనబడ్డాయి. ఇన్నేళ్ళ పేరు ఒకవైపు, నేనొకవైపు.

"పోలీసు మిత్రులున్నారు లెండి మేడమ్, వాళ్ళలో ఎవరో," అన్నాడు. "మా ఇంట్లోంచైతే కాదు. మా ఆవిడ కుక్కర్ విజిలేస్తేనే ఉలిక్కిపడుతుంది."

హాలంతా నవ్వింది.

నేనూ నవ్వాను. పళ్ళు కనబడేలా, భుజాలు కదిలేలా, నిజంగానే ఉలిక్కిపడేదానిలా చెయ్యి గుండెమీద పెట్టుకుని మరీ నవ్వాను. ఆయన అన్నమాటకి కాదు, ఆ నవ్వుకి నాకు సిగ్గేసింది. చెవులు మండాయి. ఎవరూ బలవంతం చెయ్యలేదే, అంత తొందరగా ఎలా వచ్చింది ఆ నవ్వు? ఎన్నేళ్ళ సాధన అది? ఒకప్పుడు పిస్టల్ ఎత్తగానే ఊపిరి దానంతటదే ఆగేది. ఇప్పుడు నలుగురిలో ఆయన నన్ను తీసిపారెయ్యగానే నవ్వు దానంతటదే వస్తోంది. ఎడంచేతిని తొడకింద పెట్టి దానిమీద కూర్చున్నాను, దొంగసొత్తు దాచినట్టు.

కథ అక్కడితో అయిపోలేదు. పోటీని మొదటి తూటా కాల్చి ప్రారంభించమని ఈయన్నే పిలిచారు. ఈయన జన్మలో తుపాకీ ముట్టుకోలేదు. మొహంలో రంగు మారింది.

"భుజం నొప్పండీ," అన్నాడు. అంతలోనే తేరుకుని, "మా ఆవిడ కాలుస్తుంది. దెబ్బతో భయం పోతుంది, మీకూ సరదాగా ఉంటుంది," అన్నాడు. మళ్ళీ నవ్వులు. నన్ను లేపి నిలబెట్టాడు, అన్నమాట నిలబెట్టుకున్నాడు.

దగ్గరికొచ్చి చెవిలో, "కాపాడవే, ప్లీజ్," అన్నాడు.

బల్లమీద క్లబ్బు పిస్టల్ ఉంది. ఏ చేత్తోనైనా పట్టుకునే మామూలు పిడి. ఎడంచెయ్యి దానంతటదే లేచింది. దాన్ని ఆపాను. కుడిచేత్తో తీసుకున్నాను.

వణికినట్టు నటించక్కర్లేకపోయింది. ఆ చేతికి నిజంగానే ఏమీ తెలీదు. గురి కాగితం అంచుని తాకీ తాకకుండా పోయింది తూటా. కేరింతలు, చప్పట్లు. నేను మ్యాగజైన్ తీసి పక్కన పెట్టి, లోపల తూటా మిగల్లేదని చూసి, మూతి గురివైపే ఉంచి పిస్టల్‌ని బల్లమీద పెట్టాను. అప్పటికిగానీ కోచ్ నా చేతుల్నే చూస్తోందని తెలీలేదు.

"మ్యాగజైన్ తియ్యమని మీకెవరూ చెప్పలేదమ్మా," అంది చిన్నగా. తర్వాత ఆవిడ చూపు నా మెడమీదున్న పాత కాలిన మచ్చ మీదికి వచ్చింది. నేను జుట్టు ముందుకు వేసుకున్నాను. "ఆదివారం పొద్దున్నే తెరుస్తాం. ఎడంచేతి పిస్టల్ కూడా ఉంది, పిడే పగిలిపోయి మూలపడింది," అని వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చేదాకా ఈయన ఉత్సాహం ఆగలేదు. "ఏం నటించావే! ఆ కుడిచెయ్యి ఐడియా నాకే తట్టేది కాదు. ఈసారికి ఇలా అయింది గానీ, వచ్చే పుస్తకంలో తప్పకుండా నీ మాట వేస్తాలే." అత్తయ్య తలుపు తీసి, "సభ బాగా జరిగిందా?" అంటే, "నీ కోడలు తుపాకీ కాల్చిందమ్మా, ఎవరికీ తగల్లేదు, అదృష్టం," అన్నాడు. అత్తయ్య కళ్ళు తుడుచుకునేంత నవ్వింది.

ఈసారి నాకు నవ్వు రాలేదు. రాకపోవడం నేనే గమనించాను.

బట్టలైనా మార్చుకోకుండా ఆయన బల్లముందు కూర్చుని ఫ్యాను వేసుకున్నాడు. "ఇదిగో, ఇలా రా. ఆవిడ పట్టేసిన తప్పు ఇప్పుడే సర్దాలి. కుడిచేత్తో కాలిస్తే ఎలా ఉంటుందో చెప్పు. మీట సంగతి తెలిసిందిలే. లోపల ఎలా ఉంటుంది, అది కావాలి."

"కుడిచేత్తో ఒక్కసారే కాల్చాను," అన్నాను. "సిగ్గుగా ఉంటుంది. రాసుకోండి."

ఆయన కలం ఆగింది. నేను బల్లమీదికి వంగి ఎడంచేత్తో నా పిడి తీసుకున్నాను. ఒక్కో వేలూ దాని గుంటలో అది కూర్చుంది. వెనక ఫ్యాను గాలికి డేగ కాగితాలన్నీ గదంతా ఎగిరాయి. ఆయన "అయ్యయ్యో, పట్టుకోవే" అంటున్నాడు. నేను వంగలేదు.