అమ్మ పాడిన క్యాసెట్

పొయ్యి మీద అన్నం, బల్ల మీద రెండు టేప్ రికార్డర్లు. ఒకదాంట్లో అసలు క్యాసెట్, ఇంకోదాంట్లో ఖాళీది. అన్నం ఉడికి, గిన్నెలు కడిగేలోగా ఒక కాపీ దిగుతుంది. కాపీలు దించడం, అట్టలు మడవడం, కూరగాయల సంచి అడుగున దాచి చేరవేయడం ఆవిడ పని. సంగీతం ఆయన పని. సంగీతమంటే రాగమూ తాళమూ కాదు. డ్రిల్లింగ్ మిషన్ల రొద, రేకుల మీద సుత్తి దెబ్బలు, మధ్యలో సర్కారును కడిగేసే కేకలు. దొరికితే జైలే. అట్ట మీద మాత్రం నలుగురు మగవాళ్ల మారుపేర్లే ఉంటాయి. "నీ పేరూ వేద్దామంటే, నువ్వేం వాయించావు చెప్పు?" అన్నాడు మొగుడు ఒకసారి. స్నేహితులు పడీపడీ నవ్వారు. టీ గ్లాసులు తీస్తూ ఆవిడా నవ్వింది. ఆ కేకల్లో న్యాయముందని నమ్మింది మరి.

ఈసారి కొత్త క్యాసెట్ చివర రొద ఆగిపోయి, కాస్త గరగర తర్వాత ఒక ముసలి గొంతు వినిపించింది. "పాడింది చాల్లే తల్లీ, గొంతు ఆరిపోతోంది. కాసిని నీళ్లియ్యి."

ఆవిడ టేపు ఆపి, క్యాసెట్ బయటికి తీసింది. అమ్మ. మంచాన పడ్డాక పాడిన పాటలు. పోయిన మనిషిది ఇంకేమీ మిగల్లేదు, ఆ గొంతు తప్ప. పొరపాటున కూడా దాని మీద ఇంకేదీ రికార్డు కాకూడదని, క్యాసెట్ వీపున ఉండే రెండు ప్లాస్టిక్ రెక్కలు తనే విరిచేసింది. ఇప్పుడా గుంటల మీద అతుకు టేపు ముక్కలు నీటుగా అంటించి ఉన్నాయి. గుంట మూసేస్తే మళ్లీ రికార్డవుతుందని ఆయనకు నేర్పిందీ తనే.

"రికార్డింగ్ రోజున ఖాళీది ఒక్కటీ దొరకలేదు. పాత పాటలేగా!" అన్నాడతను. "చివర్లో ఆ ముక్క ఉంచేశాం. మావాళ్లకి తెగ నచ్చింది. దాహంతో ఉన్న జనం గొంతులా ఉందన్నారు."

"అది మా అమ్మ."

"తెలుసులేవే. ఆవిడకి ఇంతకంటే గౌరవమేముంటుంది?"

అతను బయటికెళ్లాక క్యాసెట్ మళ్లీ పెట్టి, రికార్డు చేసే ఎర్ర మీట మీద వేలు పెట్టింది. ఆ రొదంతా చెరిపేస్తే ఆయనకీ తెలిసొస్తుంది. కానీ దాని కింద అమ్మ పాటలేవీ దాక్కుని లేవు. ఆ సంగతి ఆవిడకంటే బాగా ఎవరికి తెలుసు? వేలు తీసేసింది. గుంటల మీది టేపు పీకి, క్యాసెట్‌ను జాకెట్లో దోపుకుంది.

"అసలుది ఏదీ? కాపీలు దించాలి కదా," సాయంత్రం అతను ఇల్లంతా తిరగేశాడు.

"ఇంక దించను. నేనేం వాయించానని అడిగారుగా," అంది ఆవిడ. "అమ్మ నీళ్లడిగాక గ్లాసు చప్పుడొకటి ఉంటుంది. అది నేను."