ముడుల మాల

తొలకరి పడింది. మేకుకు వేలాడుతున్న ముడుల మాలను చూసి మొహం తిప్పుకున్నాను. దాన్ని విప్పితే స్వామన్న గుర్తు నాకు మిగలదు. విప్పకపోతే ఆయన చిక్కుడు మిగలదు.

ఆయన పరాయి దేశంలో పుట్టినవాడు. కాషాయం కట్టుకుని వచ్చి, మా చేను పక్క బీడు కౌలుకు తీసుకుని, మోటారు గదిలో మకాం పెట్టాడు. ఓ మడత మంచం, ఓ స్టవ్వు, గురువుగారి ఫొటో, ఆ ఫొటో కిందే కొడవలి. మొదట్లో అందరూ తెల్లస్వామి అనేవాళ్లు. ఎండకు కాలి కాలి రంగు మారాక ఇటుకస్వామి అయ్యాడు. నాకు మాత్రం అన్న. కలుపు తీయడానికి వెళ్లిన మొదటి రోజే, "చెల్లీ, వేరు లోపలే తెగింది, మళ్లీ తవ్వు" అని కసిరాడు. తోడబుట్టినవాళ్లు కూడా నన్నంత చనువుగా కసరలేదు.

"దేవుణ్ని వెతుక్కుంటూ సముద్రాలు దాటొచ్చి తుంగ పీకుతున్నాడు పాపం" అని మా ఆయన ఏడిపించేవాడు. స్వామన్న పడీపడీ నవ్వేవాడు.

ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను. "అన్నా, దేవుడు కనిపించాడా?"

"లేదు. వంగి పని చేస్తుంటే ఒక్కోసారి వీపు మీద చెయ్యేసినట్టుంటుంది."

"తిరిగి చూడొచ్చుగా?"

"చూస్తే వరస వంకరపోతుంది చెల్లీ."

ఆయన జపమాల కొన్నది కాదు. పంట చేతికొచ్చాక మంచి చిక్కుడు గింజలు ఏరి, బూడిద పట్టించి, పాత పంచె పీలికలో ఒక్కో గింజకూ ఒక్కో ముడి వేసేవాడు. జపం ఆ ముడుల మీదే. తొలకరికి మాల విప్పి, గింజ గింజకూ నామం చెప్పుకుంటూ నాటేసేవాడు. మెడ బోసిగా ఉన్నన్నాళ్లూ, "ఇప్పుడు జపం భూమి చేస్తోంది" అనేవాడు. పంట రాగానే మళ్లీ కొత్త మాల.

ఈ ఎండాకాలం నిద్రలోనే పోయాడు. గట్టు పక్కనే సమాధి చేశాం. కుండలో దాచిన విత్తనాలకు పురుగు పట్టింది. మిగిలినవి మాలలోని గింజలే.

"పోనీలేవే, కొట్లో విత్తనాలు తెస్తా. అది నువ్వుంచేసుకో" అన్నాడు మా ఆయన. నా మొహం చూడలేకే అలా అన్నాడు.

మాల తీసి వాసన చూశాను. చెమట, బూడిద, స్వామన్న. ఉంచుకుంటే రేపు ఇదీ పురుగు పాలే కదా అనిపించింది. కొంగులో వేసుకుని చేలోకి దిగాను.

చెమటకు బిగుసుకుపోయిన ముడులు గోళ్లకు లొంగలేదు. పళ్లతో విప్పాను. ఆయన జపించే నామమేమిటో నాకెప్పుడూ చెప్పలేదు. గింజ మట్టిలో పెట్టి "అన్నా" అన్నాను. మళ్లీ ముడి, మళ్లీ గింజ, మళ్లీ "అన్నా".

సగం వరసలో ఉండగా వీపు మీద చెయ్యేసినట్టయింది. తిరిగి చూడలేదు.

"వరస వంకరపోతోందే!" అని గట్టు మీంచి మా ఆయన అరిచాడు.

కళ్లు తుడుచుకుందామంటే చేతుల నిండా మట్టి.