పిలిస్తే పలకాలి

కేశవ్‌కు పుట్టుకతో వచ్చిన జబ్బు ఒకటే, నోరు. ఎదుటివాళ్ళు ప్రశ్న సగం అడగ్గానే జవాబు పూర్తిగా చెప్పేసేవాడు. రాయపురంలో వాళ్ళ నాన్నకు చింతపండు మండీ ఉంది. మండీ అంటే టోకు అంగడి, అక్కడ ముందు మాట్లాడినవాడిదే బేరం కాబట్టి ఆ జబ్బు గుణంగా చలామణీ అయిపోయింది. తల్లి మాత్రం "నోరా, వీపుకు తేకే" అని చిన్నప్పటి నుంచి మొత్తుకుంటూనే ఉండేది. ఆ దెబ్బలు ఇరవై మూడేళ్ళ వయసులో, మైలాపూరులో, చల్లటి ఏసీ గదిలో తగులుతాయని పాపం ఆవిడకేం తెలుసు.

అది తొంభై తొమ్మిదో సంవత్సరం. చదువుకున్న పిల్లలంతా జావా జావా అని కలవరిస్తున్న రోజులు. మైలాపూరులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఎనిమిది మందిని శిక్షణకు తీసుకుంది. పెద్ద వ్యాపార సంస్థలకు జావా అనే కంప్యూటరు భాషలో అప్లికేషన్లు కట్టే పని. అంతా మొదటి నుంచి రాయక్కర్లేదు, దానికి ఫ్రేమ్‌వర్క్ అని ఒకటి కొనుక్కొచ్చారు. ముందే నిలబెట్టిన స్తంభాలూ దూలాలూ ఉంటాయి, మన గోడలు మనం కట్టుకుంటే ఇల్లవుతుంది. మేనేజరు రామసామి మొదటి రోజే దాపరికం లేకుండా చెప్పేశాడు. ఒక సరుకు రవాణా కంపెనీ పని రావలసి ఉంది. వాళ్ళకు నచ్చేటట్టు నమూనా చూపిస్తే ఎనిమిది మందిలో నలుగురికి ఉద్యోగాలు. నచ్చకపోతే ఎవరికీ లేదు.

కేశవ్‌కు ఆ ఉద్యోగం కావాలి. రాకపోతే మండీలో అన్న పక్కన పీట వేసుకుని, అన్న చెప్పినట్టల్లా ఆడుతూ బతకాలి. నాన్న ఇచ్చిన గడువు ఈ శిక్షణ ముగిసేదాకానే. అదొక్కటే కాదు, ఆ పని మీద అతనికి నిజంగానే మనసు పడింది. ఇంట్లో అన్నం తింటూ కూడా ఫ్రేమ్‌వర్క్ కబుర్లే చెప్పి అందరి ప్రాణాలూ తీసేవాడు.

నేర్పడానికి వచ్చినవాడు వెంకటపతి. హైదరాబాదు నుంచి దిగాడు. ఆఫీసులో ఎటు చూసినా అరవం, లేకపోతే ఇంగ్లీషు. మొదటి రోజు టీ తాగే వేళ వెంకటపతి ఫోనులో తెలుగు మాట్లాడటం వినపడేసరికి కేశవ్‌కు ప్రాణం లేచొచ్చింది. ఫోను పెట్టేదాకా కాచుకుని దగ్గరికి వెళ్ళాడు.

"అన్నా, మీరు తెలుగోళ్ళా? మేమూ తెలుగే అన్నా. ఈడనే, రాయబురంలో ఉండాము."

వెంకటపతి అతన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. "రాయబారమా? ఎవరి తరఫున వచ్చావు?"

అక్కడితో ఊరుకుంటే సరదా అనుకోవచ్చు. చుట్టూ ఉన్నవాళ్ళకు అర్థం కాలేదని వెంకటపతి శ్రమపడి ఇంగ్లీషులో విడమర్చి చెప్పాడు. రాయబారం అంటే రాజుల మధ్య మాటలు మోయడమట. ఈ అబ్బాయికి తాను పుట్టిన పేట పేరు కూడా పలకడం రాదట. పకారం పలకలేని ఈ భాషను తెలుగనుకుంటున్నాడట. అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి కేశవ్ పేరు రాయబారి అయి కూర్చుంది. అర్థం సరిగా తెలియనివాళ్ళు కూడా ముచ్చటపడి అలాగే పిలిచేవారు. ఎద్దు పుండు కాకికి ముద్దు మరి. ఆ తర్వాత కేశవ్ వెంకటపతిని అన్నా అని ఎన్నడూ పిలవలేదు, సార్ అనే అన్నాడు.

నవ్వనిది శ్రీప్రియ ఒక్కతే. వాళ్ళది హోసూరు పక్క పల్లె, తరతరాలుగా అక్కడే సేద్యం చేసుకుంటున్న తెలుగు కుటుంబం. బడిలో టీచరు ఉద్యోగం వదులుకుని ఈ శిక్షణకు వచ్చింది, చింతాద్రిపేటలో హాస్టల్లో ఉంటోంది. ఆ సాయంత్రం బస్సు స్టాపులో కేశవ్‌తో తగ్గు గొంతుతో తెలుగులో మాట్లాడింది. తమదీ ఇంటి భాష తెలుగేనని, ఆ సంగతి ఆఫీసులో పొక్కనివ్వవద్దని చెప్పింది. వెంకటపతి నోట్లో తన యాస కూడా పడటం ఆమెకు ఇష్టం లేదు. అందుకే ఆఫీసులో ఇద్దరూ అరవంలోనే మాట్లాడుకునేవారు.

రెండో వారంలో వెంకటపతి ఫ్రేమ్‌వర్క్ అసలు కిటుకు చెప్పాడు. మామూలు ప్రోగ్రాములో మనం రాసిందే యజమాని, దానికి కావలసినవాటిని అదే పిలుచుకుంటుంది. ఇక్కడ అంతా తలకిందులు. పెత్తనం ఫ్రేమ్‌వర్క్‌ది. మనం రాసిన ముక్కలు మూల కూర్చుని ఉండాలి. అవసరమైనప్పుడు అది పేరు పెట్టి పిలుస్తుంది, అప్పుడు పలకాలి. వెంకటపతి ఇది చెప్పడానికి బోర్డంతా బాణాలతో నింపాడు, అయినా ఎవరి మొహంలోనూ వెలుగు రాలేదు. కేశవ్‌కు మాత్రం చటుక్కున వెలిగింది. వెలిగితే ఆగే నోరా అది?

"పేరంటం మాదిరి సార్. పిలిస్తేనే పోవాల."

అంత తేలికగా ఎవరూ చెప్పలేరు. శ్రీప్రియ దాన్ని పక్కవాళ్ళకు అరవంలో చెబితే వాళ్ళకూ ఒక్క క్షణంలో బోధపడింది. వెంకటపతికి గిట్టనిది కూడా అదే.

"నిన్ను నేను పిలిచానా?" అన్నాడు. "పిలవని పేరంటానికి వచ్చింది నువ్వే కదా. పో, ఆ మూల నిలబడు. పేరు పిలిచినప్పుడు రా."

కేశవ్ వెళ్ళి ప్రింటరు పక్కన నిలబడ్డాడు. ఇదీ పాఠంలో భాగమే కాబోలు అనుకున్నాడు, పాపం. వెంకటపతి ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలిచాడు. పిలిచినవాళ్ళు బోర్డు దగ్గరికి వెళ్ళి తమ ముక్క ఏం చేస్తుందో చెప్పి వచ్చారు. కేశవ్ తన వంతుకు చెప్పవలసింది లోలోపల సిద్ధం చేసుకున్నాడు. టీ వచ్చింది, అందరూ తాగారు. మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళారు. శ్రీప్రియ కూర్చోమని సైగ చేస్తే అతను తల అడ్డంగా ఊపాడు, ఇప్పుడో ఇంకాసేపటికో పిలుస్తాడని. సాయంత్రం వెంకటపతి సంచి సర్దుకున్నాడు. మరిచిపోయాడేమో అనుకోవడానికి లేదు. తలుపు దగ్గర ఆగి, ప్రింటరు వైపు చూసి, నవ్వి మరీ వెళ్ళాడు.

మర్నాటి పాఠం ఖాళీ మెథడ్ల గురించి. మెథడ్ అంటే ముక్క లోపల ఒక్కో పనికి పేరు పెట్టి రాసుకునే ఆదేశాలు. ఫ్రేమ్‌వర్క్ కొన్ని పేర్లు పెట్టి ప్రతి ముక్కనూ పిలుస్తుంది. ఆ పేర్లతో మెథడ్లు రాసి తీరాలి. చేయవలసిన పనేమీ లేకపోతే లోపల ఖాళీగా వదిలెయ్యొచ్చు. పిలిస్తే పలుకుతుంది, ఏమీ చెయ్యదు, అయినా తప్పు కాదు. అంతవరకు చెప్పి వెంకటపతి హఠాత్తుగా "కేశవ్" అని పిలిచాడు.

నిన్నంతా ఎదురుచూసిన పిలుపు అది. కేశవ్ దిగ్గున లేచి "సార్" అన్నాడు.

"చూశారా? పలికాడు. లోపల ఏమీ లేదు. కూర్చో."

గది గదంతా ఘొల్లుమంది. కేశవ్ కూర్చున్నాడు. ఆ క్షణంలో అతనికి వెంకటపతి మీద పుట్టినది కోపం అంటే చాలదు, అది పగ. తీర్చుకునే దారి తెలియక అతను నోరు మూసుకున్నాడు. ఆ తర్వాత ఆ గదిలో అడిగితే తప్ప మాట్లాడలేదు. ఇంట్లో కూడా తగ్గిపోయాడు. తల్లి దిష్టి తగిలిందనుకుని మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది.

పనిలో మాత్రం అతన్ని మించినవాడు లేడు. రవాణా కంపెనీకి మైలాపూరులో, చింతాద్రిపేటలో, రాయపురంలో గోదాములున్నాయి. ఒక్కో గోదాముకు ఒక్కో ముక్క చొప్పున కేశవే రాశాడు, ఒక్కోదానికి ఆ పేట పేరే పెట్టాడు. తెర మీద పేట పేరు నొక్కితే ఫ్రేమ్‌వర్క్ ఆ పేరుతో ముక్కను వెతికి పిలుస్తుంది, సరుకు లెక్క తెర మీదికి వస్తుంది. నమూనా చూపించే రోజుకు ముందు రామసామి అంతా పరిశీలించి, కేశవ్‌నూ శ్రీప్రియనూ పక్కకు పిలిచాడు. మిగతా ఇద్దరు ఎవరో చూడాలి గాని మీ ఇద్దరూ ఉన్నట్టే, రవాణా కంపెనీవాళ్ళు సరే అంటే చాలు అన్నాడు. శ్రీప్రియ ఆ సాయంత్రం దారి పొడుగునా మాట్లాడుతూనే ఉంది. బడిలో తన చోట అప్పటికే ఇంకొకరు చేరారని, వెనక్కి పోవడానికి ఇక ఏమీ లేదని, ఇప్పుడు భయం తీరిందని చెప్పింది.

నమూనా రోజు పొద్దున వెంకటపతికి ఒక బుద్ధి పుట్టింది. తెర ప్రోగ్రాము కూడా కేశవ్ రాసిందే. అది తానే రాశానని చెప్పుకోవడానికి వీలుగా దాన్ని కొట్టేసి మళ్ళీ తన చేత్తో రాశాడు. ఇందులో ఒక చిక్కుంది. ముక్కను పిలిచే పేరు, ముక్కకు పెట్టిన పేరు అక్షరం పొల్లుపోకుండా కలవాలి. కలవకపోయినా రాసేటప్పుడు యంత్రం ఏమీ అనదు, పిలిచినప్పుడే తెలుస్తుంది. వెంకటపతి మైలాపూరు ఒక్కటి నొక్కి చూశాడు, వచ్చింది. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక మెతుకు చాలు కదా అన్నాడు.

వెనక వరసలో కూర్చున్న కేశవ్ కళ్ళు తెర మీద ఒక చోట ఆగిపోయాయి. రాయపురాన్ని ఊళ్ళో అందరూ పలికేది ఒక రకం, ఇంగ్లీషులో రాసేది ఇంకో రకం. తెల్లదొరలు ఏ చెవితో విన్నారో, ఆర్ తర్వాత ఓ పెట్టారు. రైల్వే స్టేషను మీదా, బస్సుల మీదా, అంగళ్ళ మీదా అదే ఓ. అక్కడ పుట్టినవాళ్ళకు వేరేగా రాయాలన్న ఊహ కూడా రాదు. శుద్ధమైన తెలుగు పలికే వెంకటపతి తాను పలికినట్టే రాశాడు, ఆర్ తర్వాత ఏ.

కేశవ్ సగం లేచాడు. "సార్, రాయబురం..."

వెంకటపతి వెనక్కి తిరగను కూడా తిరగకుండా అరచెయ్యి ఎత్తాడు. "నీ రాయబారం ఇవాళ వద్దు. పిలిస్తే పలుకు."

కేశవ్ కూర్చున్నాడు. పక్కనున్న శ్రీప్రియ ఏమిటని కళ్ళతోనే అడిగింది. అతను ఏమీ లేదన్నట్టు తల తిప్పుకున్నాడు.

రవాణా కంపెనీ యజమాని నాగప్పన్ వచ్చాడు. పెద్దాయన, తెల్ల చొక్కా, తెల్ల పంచె. వెంకటపతి మైలాపూరు నొక్కాడు, లెక్క వచ్చింది. చింతాద్రిపేట నొక్కాడు, వచ్చింది. నాగప్పన్ తృప్తిగా తల ఊపి, మా నాన్న మొదట తెరిచిన గోదాము రాయపురంలోనే, అది చూపించమన్నాడు. వెంకటపతి నొక్కాడు. తెర నిండా తప్పుల చిట్టా దిగింది. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ అదే. ఏసీ గదిలో అతని మెడ మీద చెమట పట్టింది. ఆ పేరుతో ఏదీ దొరకలేదని ఇంగ్లీషులో రాసి ఉంది, కానీ కంగారులో ఉన్నవాడికి అక్షరాలు కనపడతాయా? నాగప్పన్ గడియారం చూసుకున్నాడు. రామసామి గొంతు సవరించుకున్నాడు. వెంకటపతి వెనక్కి తిరిగాడు.

"కేశవ్."

మొదటిసారిగా ఆ పిలుపులో ఎగతాళి లేదు, అవసరం ఉంది. కేశవ్ లేచాడు. చెప్పవలసింది ఒకే ఒక్క అక్షరం, అది నాలుక చివరే ఉంది. చెబితే ఉద్యోగం వస్తుంది, చెప్పకపోతే మండీ పీట. అదంతా అతనికి తెలుసు. పక్కన శ్రీప్రియ రెండు చేతులూ ఒడిలో బిగించుకుని తనవైపే చూస్తోందనీ తెలుసు.

"సార్" అన్నాడు.

"ఏమైందో చూడు."

"సార్."

"చెప్పు కేశవ్." వెంకటపతి గొంతు బతిమాలే దాకా వచ్చింది.

"సార్" అన్నాడు కేశవ్ మళ్ళీ, అణకువగా చేతులు కట్టుకుని. కదల్లేదు. అతనికి హాయిగా ఉంది. ప్రింటరు పక్కన నిలబడ్డ రోజు కాళ్ళలో దిగిన నొప్పి ఇప్పుడు తీరుతున్నట్టుంది.

నాగప్పన్ లేచాడు. నా రాయపురమే దొరకని యంత్రానికి నా సరుకేం దొరుకుతుంది నాయనా అని అరవంలో మర్యాదగానే అని, రామసామికి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. సోమవారం నుంచి ఎవరూ రానక్కర్లేదని సాయంత్రం రామసామి ఎనిమిది మందికీ చెప్పాడు. చెరపకురా చెడేవు అంటారు గాని, వెంకటపతి చెడిందేమీ లేదు. నెల తిరగకుండా హైదరాబాదులో ఇంతకంటే పెద్ద కంపెనీలో, ఇంతకంటే పెద్ద కుర్చీలో కూర్చున్నాడు.

ఆ సాయంత్రం బస్సు స్టాపులో మిగిలినవాళ్ళంతా చుట్టూ ఉండగానే శ్రీప్రియ కేశవ్‌తో పైకి తెలుగులో మాట్లాడింది. ఇక దాచుకోవడానికి ఏముంది?

"పొద్దున లేచినావే, ఏందది?"

"రాయబురంకి ఓ రాయాల. ఆయన ఏ రాసినాడు."

"అంతేనా?"

"అంతే."

రాయపురం బస్సు మలుపు తిరిగి వచ్చింది. నుదుటి మీద బోర్డు, బోర్డు మీద అరవం కింద ఇంగ్లీషు అక్షరాలు. శ్రీప్రియ వాటిని ఒక్కొక్కటిగా చదివింది.

"ఆయన పిలిచినాడు గదా, కేశవ్."

"పలికినాను గదా."

ఆ జవాబు తనకే బాగుందనిపించి కేశవ్ నవ్వాడు. శ్రీప్రియ నవ్వలేదు. అతన్ని చూసి గదంతా నవ్విన రోజుల్లో కూడా ఆమె నవ్వలేదు.