నీలం మూత మిషన్ల ఆఖరి అప్‌డేట్

ఆఫీసుకి రాగానే పాతక్క ముందు కిటికీ తెరుస్తుంది. తర్వాత గోడల వెంట బీరువాల్లో కూర్చున్న పాత కంప్యూటర్లన్నిటినీ ఒక్కొక్కటిగా మేలుకొలుపుతుంది. ఆమె పనిచేసే కంపెనీ ఇన్నేళ్ళలో అమ్మిన ప్రతి రకంలోనూ ఒకటి ఆ గదిలో ఉంది. కొత్త అప్‌డేట్ తయారైనప్పుడల్లా ముందు వీటికి ఎక్కించి, ఏది తట్టుకుంటుందో, ఏది మొరాయిస్తుందో చూడటం ఆమె పని. పై అంతస్తుల్లో వాళ్ళు కొత్త మిషన్లని పుట్టిస్తారు. వాటిని సాకి, ముసలితనంలో మందులిచ్చి, చివరికి సాగనంపేది పాతక్క. ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. ఇంటిపేరులా ఆమెకి అతుక్కుపోయింది, ఆమె కూడా వద్దనలేదు.

తన చేతికింద ఉన్న మిషన్లు ఎక్కడ నడుస్తున్నా పాతక్కకి వినిపిస్తాయి. పక్క వీధిలోవీ వినిపిస్తాయి, సముద్రాల అవతలవీ వినిపిస్తాయి. వాన పడుతున్నట్టు ఉంటుంది ఆ చప్పుడు, ఒక్కో రకానికి ఒక్కో జోరు. వాడేవాళ్ళు తగ్గేకొద్దీ వాన సన్నబడి, జల్లై, ఆఖరికి చూరు చుక్కలవుతుంది. ఏ రకం ఇంకా ఎంతమంది దగ్గరుందో తెలుసుకోవాలంటే లెక్కల విభాగానికి రాసి ఎదురుచూసేకంటే, ఆమె గదిలోకి తల దూర్చి "ఎలా ఉందక్కా?" అని అడగడం అందరికీ తేలిక. ఉద్యోగంలో చేరిన కొత్తలో కంపెనీ డాక్టరు ఆమె చెవులు చూసి, కాస్త గులిమి ఉందని చుక్కల మందు రాసిచ్చి పంపేశాడు. పాతక్క వాళ్ళమ్మకైతే కుట్టుమిషన్లు వినిపించేవట.

నీలం రంగు మూత ఉన్న పాత లాప్‌టాప్‌ల రకంలో ఒకటి మాత్రం మాట్లాడుతుంది.

అది ఒక డ్రైవింగు మాస్టారిది. గొంతులో రాచపుండు లేస్తే ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. తీసేలోపు ఆయన పట్టుబట్టి కూర్చుని, వేల మాటలు చదివి, తన గొంతుని ఆ కంప్యూటర్లో దాచుకున్నాడు. ఇప్పుడు ఆయన టైపు చేస్తే అది ఆయన గొంతుతోనే పలుకుతుంది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో కూర్చుంటాడు. తరచూ అవసరమయ్యే మాటలకి ఒక్కో మీట కేటాయించుకున్నాడు. పాతక్క పనిలో ఉండగానే చెవిలో పడుతుంటాయి: "నెమ్మది. నెమ్మది. గోడకి దారివ్వడం తెలీదమ్మా, నువ్వే తప్పుకోవాలి." సాయంత్రమైతే అదే గొంతు ఇంట్లో భార్యతో కూర చప్పగా ఉందని గొణుగుతుంది. భార్య ఏమంటుందో పాతక్కకి వినిపించదు. కాసేపాగి మాస్టారు "సరే, బానే ఉందిలే" అనడాన్ని బట్టి ఊహించుకోవలసిందే. తన ఇంట్లో భోజనం దగ్గర పాతక్క ఉన్నట్టుండి ఫక్కున నవ్వితే, ఇవాళ మాస్టారి చేతికి ఎవరు చిక్కారని ఆమె భర్త అడుగుతాడు.

ఆ కంపెనీలో ఒక పద్ధతి ఉంది. అమ్మిన ప్రతి మిషన్‌కీ ఏడేళ్ళు కొత్త సిస్టమ్‌లు ఇస్తారు. ఆపైన ఇంకో రెండేళ్ళు కన్నాలు పూడ్చే అప్‌డేట్లు మాత్రం పంపుతారు. దొంగలు ఎప్పుడూ ఎక్కడో ఒకచోట కన్నం వేస్తూనే ఉంటారు, కంపెనీ పూడుస్తూనే ఉండాలి. పూడ్చడం మానేసినంత మాత్రాన మిషన్ ఆగిపోదు గాని, వీధి తలుపు బార్లా తీసి నిద్రపోయినట్టే. నీలం మూతకి ఆ గడువు ఎప్పుడో దాటింది. ఏటా పాతక్కే వెళ్ళి, ఈ ఒక్క ఏడాదీ అని బతిమాలి నెట్టుకొస్తోంది.

ఈసారి మేనేజరే ఆమె గదికి వచ్చాడు. మంచివాడు, మాట తిన్నగా చెప్పే మనిషి. కొత్త తాళాలేవీ ఆ పాత చిప్‌కి పట్టడం లేదనీ, పూడ్చామని చెప్పి పూడ్చకపోతే అది జనాన్ని మోసం చేసినట్టేననీ అన్నాడు. పాతక్క కాదనలేకపోయింది. తన చేత్తో సాగనంపిన రకాలు చాలానే ఉన్నాయి. ఏ మిషనూ చిరంజీవి కాదు.

"ఆపేద్దాం సార్," అంది. "కానీ ఒకాయన గొంతు అందులో ఉండిపోయింది. ఆ గొంతు సాఫ్ట్‌వేర్ చేసినవాళ్ళు దుకాణం కట్టేశారు. కొత్త మిషన్లకి దాని భాష తెలీదు. ఆయన్ని ఇవతలికి దాటించి, అప్పుడు ఆపేద్దాం."

"ఒక్క మనిషి కోసమా అక్కా?"

"మాట్లాడేది ఒక్కడే కాబట్టి నాకు ఒక్కడే వినిపిస్తున్నాడు. దాచుకుని, మాట్లాడించకుండా ఉంచినవాళ్ళు ఎంతమందో నాకేం తెలుసు?"

మేనేజరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఇప్పుడు మాస్టారు ఏమంటున్నాడని అడిగాడు. ఎవరికో బండి వెనక్కి తీయడం నేర్పుతున్నాడనీ, వెనక్కి చూడవయ్యా, నా మొహంలో ఏముంది అంటున్నాడనీ పాతక్క చెప్పింది. మేనేజరు నవ్వి లేచాడు. వేసవి చివరిదాకా గడువిచ్చాడు, తోడుగా ఇద్దరు మనుషుల్నీ ఇచ్చాడు.

ముగ్గురూ కలిసి, పాత గొంతుల్ని కొత్త సిస్టమ్ చదువుకోగలిగేలా మార్చి, అటు మోసుకుపోయే ఒక దారి కట్టారు. గదిలో ఉన్న నీలం మూత మీద అది చక్కగా నడిచింది. అప్పుడు, అప్‌డేట్లు అందరికంటే ముందు పరీక్షించడానికి ఒప్పుకున్నవాళ్ళకి పంపారు. ఎక్కడ టిక్కు పెట్టమంటే అక్కడ పెట్టే మనిషి కాబట్టి మాస్టారు కూడా అందులో ఉన్నాడు.

మర్నాడు ఆయన మిషన్ నడుస్తోంది, మాట లేదు.

ఎవరో కుర్రదాని పక్క సీట్లో, వచ్చే లారీని చూస్తూ, నోట మాట లేకుండా కూర్చున్న మనిషి పాతక్క కళ్ళముందు మెదిలాడు. వెంటనే వెళ్ళి, పాడుచేశానని మేనేజరుకి చెప్పింది. ఆయన కోప్పడలేదు. ఎక్కడ తప్పిందో వినగలవా అని మాత్రం అడిగాడు.

ఆమె గదిలోని మిషన్లన్నీ ఆర్పేసి, కిటికీ మూసి, తల వంచుకుని ఆ ఒక్కదాన్నే విన్నది. భోజనానికి లేవలేదు. మాస్టారు టైపు చేస్తున్నాడు, చేసిందే మళ్ళీ చేస్తున్నాడు. ప్రతిసారీ మిషన్ ఊపిరి తీసుకుని, నోరు తెరవబోయి, ఒకేచోట బిగుసుకుపోతోంది. నత్తివాడు ఒక అక్షరం దగ్గర పడే అవస్థలా ఉంది. ఏ అక్షరమా అని చెవి రిక్కించి రిక్కించి పట్టుకుంది. ఒత్తు. వాళ్ళు కట్టిన దారి, కొత్త సిస్టమ్ పద్ధతిలో, అక్షరాన్నీ ఒత్తునీ విడదీసి చెరో చేత్తో అందిస్తోంది. పాత గొంతుకి రెండూ కలిపి ఒకే ముద్దగా పెడితేగాని మింగుడుపడదు. అక్కడ ఒక్కసారి ఇరుక్కుంటే ఇక ఒత్తులేని మాటలు కూడా బయటికి రావడంలేదు. గదిలో వాళ్ళు పరీక్షకి వాడిన గొంతు మాస్టారి దానికంటే చాలా తర్వాత దాచినది కావడంతో ఈ సంగతి బయటపడలేదు.

దాన్ని సరిచేసి పంపేసరికి మూడో రోజు మధ్యాహ్నమైంది. కాసేపటికి మాస్టారి గొంతు, కొంచెం బొంగురుగా, భార్యతో పలికింది.

"వచ్చిందోయ్. ఈ మూడు రోజులూ నన్నొక్క మాటా అననివ్వకుండా తెగ మాట్లాడావు. కూర్చో. మొదటినుంచీ ఒక్కోదానికీ జవాబు చెప్తాను."

పాతక్క బల్లమీద తల ఆన్చి, నవ్వుతూ ఏడ్చింది.

వేసవి చివర నీలం మూత మిషన్లకి ఆఖరి అప్‌డేట్ వెళ్ళింది. కన్నాలు పూడ్చగలిగినంతవరకు పూడ్చి, ఇక తమవల్ల కాదని మర్యాదగా చెప్పి, గొంతుల్ని ఇవతలికి తెచ్చుకునే దారి చూపించింది. కొత్త మిషన్లు పై అంతస్తువాళ్ళవి. దాటినవాళ్ళు ఆమెకి ఇక వినిపించరు. ఆ సంగతి మేనేజరుకీ తెలుసు. అందుకేనేమో, ఆ పొద్దున, దాటిన గొంతుల కబురు చేరే తన కంప్యూటర్ పట్టుకొచ్చి ఆమె పక్కనే కూర్చున్నాడు.

మాస్టారు తొందరపడలేదు. దాటించమంటూ తెరమీద కనిపించిన దాన్ని భార్యకి మొత్తం చదివి వినిపించాడు. అర్థమైందా అని అడిగాడు. ఆమె ఏమందో గాని, నాకూ అంతే అన్నాడు.

"నువ్వు ఆ గదిలో ఉండు," అన్నాడు. "కొత్తదాంట్లోంచి పిలుస్తా. నాలాగే ఉందో లేదో చెప్పు."

అంతే. చూరు నుంచి ఒక చుక్క తెగిపడ్డట్టు, ఆ చోటు ఖాళీ అయిపోయింది. పాతక్క రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కిటికీ బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టారు. మేనేజరు తెర వైపే చూస్తున్నాడు. చాలాసేపటికి అందులో చిన్న గీతలా ఒక వాక్యం వచ్చింది: గొంతు తెరుచుకుంది.

ఆయన తెరని ఆమె వైపు తిప్పాడు.

"గట్టెక్కాడు," అంది పాతక్క.

లేచి వెళ్ళబోతుంటే దాని కింద ఇంకో వాక్యం వచ్చింది. అదే మాట, వేరే మిషన్ నుంచి. ఆ వెనకే మరొకటి. ఆమె ఎన్నడూ వినని గొంతులు, ఎవరెవరో ఎందుకోసమో దాచుకుని మాట్లాడించకుండా ఉంచుకున్నవి. ఏ ఇళ్ళలోనో ఇప్పుడు ఒక్కొక్కటే తెరుచుకుంటున్నాయి. మేనేజరు తన కుర్చీని కాస్త పక్కకి జరిపి చోటిచ్చాడు. పాతక్క మళ్ళీ కూర్చుంది.