రేపొస్తాయన్న చానళ్ళు

మత్తిగిరిలో ఒట్టి వీరప్ప అంటే ఎవరికీ తెలియదు. కేబుల్ వీరప్ప అనాలి. ఇరవై ఎనిమిదేళ్ళుగా మత్తిగిరి నుంచి మూకండపల్లి దాకా కరెంటు స్తంభాల మీదా, మేడల మీదా, చెట్ల కొమ్మల మీదా పాకిన నల్లతీగలన్నీ అతనివే. తమిళనాడే అయినా తెలుగు మాట్లాడే ఇళ్ళు తరాలుగా ఉన్న చోటు అది. ఫ్యాక్టరీ పనులకు ఆంధ్రా నుంచీ తెలంగాణ నుంచీ వచ్చి దిగినవాళ్ళు వాళ్ళకు తోడయ్యారు. కొత్తగా అద్దెకు చేరినవాళ్ళు పాలవాడి తర్వాత వాకబు చేసేది వీరప్ప గురించే. "తెలుగు చానళ్ళన్నీ వస్తాయా?" అని అడిగితే, "మన మాట వినపడకుంటే కేబుల్ ఎందుకమ్మా?" అనేవాడు. ఆ ఒక్క మాట మీదే అతని వ్యాపారం నిలబడింది.

ఆ తెలుగు చానళ్ళే ఒక సోమవారం పొద్దున చప్పున ఆగిపోయాయి.

వీరప్ప తన గదిలోని చిన్న టీవీలో నంబరు తర్వాత నంబరు నొక్కి చూశాడు. తమిళం వస్తోంది, కన్నడం వస్తోంది, హిందీ వస్తోంది. తెలుగు నంబర్ల దగ్గర మాత్రం నీలం తెర, దాని మీద ఇంగ్లీషులో రెండు ముక్కలు. కృష్ణగిరిలో మెయిన్ ఆఫీసుకు ఫోన్ చేశాడు. చానళ్ళన్నీ ఆ ఆఫీసు నుంచే అతని తీగల్లోకి దిగుతాయి. చానళ్ళవాళ్ళతో రేటు తెగలేదనీ, రేపటికి సరైపోతుందనీ అక్కడి అమ్మాయి తమిళంలో చెప్పింది.

వీరప్ప ఆ మాట పట్టుకున్నాడు. అడిగినవాళ్ళందరికీ "రేపొస్తాదమ్మా", "రేపొస్తాదప్పా" అని చెప్పాడు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. అయినా ఫోన్ మోగగానే అతని నోట్లోంచి అదే మాట వచ్చేది. నాలుగో రోజుకు జనం అరవడం మొదలుపెట్టారు. వారం తిరిగేసరికి అరవడం మానేశారు. అది ఇంకా చెడ్డ గుర్తని వీరప్పకు తెలుసు. ఒకరు సెట్‌టాప్ బాక్సు తెచ్చి గడప దగ్గర పెట్టిపోయారు. ఒకరు మేడ మీద గొడుగంత యాంటెనా పెట్టించుకున్నారు. ఇంకొకరు, "మేమంతా ఫోన్లోంచే టీవీలోకి పెట్టుకుంటాండాం అన్నా, నీ వైరు తీసేసుకో" అన్నారు.

పదకొండో రోజున అతను వాపసు వచ్చిన బాక్సులను బల్ల కిందికి తోస్తుంటే భార్య మంజులమ్మ చూస్తూ నిలబడింది.

"నిజం చెప్పేస్తే పోదా? ఎప్పుడొస్తాదో నాకూ తెల్దు అని" అంది.

"అట్ల చెప్తే ఉండేవాళ్ళు కూడా పోతారే."

"ఇప్పుడు మాత్రం నిలిచినారా?"

వీరప్పకు ఒళ్ళు మండింది. తప్పు కృష్ణగిరిలో, తిట్లు మత్తిగిరిలో. చొక్కా తొడుక్కుని, బస్సెక్కి నేరుగా మెయిన్ ఆఫీసుకు పోయాడు.

ఆఫీసులో అద్దాల తలుపులు, చల్లగాలి. పెద్దాయన పది గంటలకు వస్తాడన్నారు. పదకొండుకు వచ్చాడన్నారు, కానీ మీటింగులో ఉన్నాడన్నారు. వీరప్ప కుర్చీలో కూర్చుని, ఎదురుగా గోడ మీద వరుసగా పెట్టిన టీవీలను చూశాడు. ఒక్కదాంట్లో కూడా తెలుగు లేదు. మధ్యాహ్నం ఒకటిన్నరకు పునీత్ అనే కుర్ర మేనేజరు బయటికి వచ్చి, పెద్దాయన వెనకవైపు మెట్లమీదుగా భోజనానికి వెళ్ళిపోయాడని చల్లగా చెప్పాడు.

వీరప్ప లేచి నిలబడ్డాడు. తమిళంలోనే మొదలుపెట్టాడు గానీ, కోపం వచ్చేసరికి మాట సగం తెలుగులోకి దిగిపోయింది.

"మూడున్నర గంటలు కూర్చున్నాను సార్. ఒక్క మాట చెప్పండి. తెలుగు ఎప్పుడొస్తాది?"

"పాక్కలామ్ అణ్ణా" అన్నాడు పునీత్. చూద్దాం అన్నా, అని. హోసూరు ప్రాంతంలో బతికినవాడెవడికైనా తెలుసు, ఆ మాట వినబడిందంటే పని కాదని. పునీత్ అంతటితో ఆగలేదు. కౌంటరు మీది కంప్యూటరు తెర తిప్పి చందాల లెక్కలు చూపించి, "ఈ కాలంలో తెలుగు చూసేవాళ్ళంతా నెట్లో చూసుకుంటున్నారు. మీరు కూడా తీగలు మానుకుని నెట్ కనెక్షన్లు మొదలుపెట్టండి" అన్నాడు.

"నెట్లో చూసేది వయసు పిల్లోళ్ళు. పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉండేవాళ్ళ సంగతేంది?"

పునీత్ ఫోన్ మోగింది. దాన్ని చెవిన పెట్టుకుని లోపలికి వెళ్ళాడు. అద్దం తలుపు మెల్లగా దానంతటదే మూసుకుంది. కనీసం దాన్ని ధడేలుమని వేసి వచ్చే వీలు కూడా లేకపోయింది వీరప్పకు.

తిరుగు బస్సు శూళగిరి దాటుతుండగా ఫోన్ మోగింది. వెంకటసుబ్బమ్మ. కదిరి దగ్గరి పల్లె ఆమెది. కొడుకు జితేంద్రకు హోసూరులో ఉద్యోగం వచ్చాక, ఆరేళ్ళ కింద అతనితో పాటు మూకండపల్లికి వచ్చింది. వచ్చిన మొదటి రోజే టీవీ పెట్టించుకుంది. అప్పటినుంచీ తెర మీద నలక పడినా వీరప్పకే ఫోన్ చేస్తుంది.

"వీరప్పా, టీవీ నల్లగా అయిపోయిందప్పా. మూడు దినాలాయె."

"రేపు..." అనబోయాడు అతను.

"రేపూ మాపూ అనొద్దు నాయనా. ఈపొద్దే రా."

ఇప్పుడు ఇంటికిపోతే మంజులమ్మకు ఏదో ఒకటి చెప్పాలి. అందుకే బస్సు దిగి నేరుగా మూకండపల్లికే ఆటో ఎక్కాడు.

వెంకటసుబ్బమ్మ వాళ్ళది రెండో అంతస్తులో రెండు గదుల ఇల్లు. ఆమె మంచినీళ్ళిచ్చింది. వీరప్ప గ్లాసు కింద పెట్టి టీవీ వైపు చూశాడు. తన బాక్సు అక్కడ లేదు. దాని చోట వేరే బాక్సు ఉంది. టీవీ వెనక బొటనవేలంత పరికరం ఒకటి గుచ్చి ఉంది. కిటికీ దగ్గరికి పోయి తల బయటపెట్టాడు. తన నల్లతీగ గోడ పక్కన వేలాడుతోంది. ఎవరో కటింగ్ ప్లేయరుతో శుభ్రంగా కోసి, కొసను పురికొసతో కట్టారు.

"ఇదెవరమ్మా మార్చింది?"

"మావాడే, పోయిన వారం. ఏదో కొత్తది పెట్టినాడు. ఫోన్ పెట్టుకుంటే సీరియళ్ళు వస్తాయంట. అయితే వాడు డ్యూటీకి పోతే ఫోనూ పోతాది కదప్పా, దాంతో అదీ పోయె. పగటికని మేడ మీద యాంటెనా పెట్టించినాడు. రెండు దినాలు బాగనే వచ్చె. సోమవారం గాలివాన కొట్టినాక ఏమీ లేదు. వైరు వైరే కదా, నువ్వొచ్చి చూస్తావని పిలిచినా."

వీరప్పకు అరికాలి మంట నెత్తికెక్కింది. పొద్దుటినుంచీ ఎవడి మీద పడాలో తెలియక తిరుగుతున్న కోపం ఈ ఇంట్లో బయటికి వచ్చింది.

"ఇది నాది కాదమ్మా! నా తీగ కోసేసినారు. కిటికీలోంచి చూడు. నా తీగ కోసి, ఎవరో పెట్టిన యాంటెనాకు నన్ను పిలుస్తారా?"

వెంకటసుబ్బమ్మ కిటికీ దగ్గరికి వచ్చి చూసింది. ఆమె ముఖం చిన్నబోయింది.

"నాకు చెప్పలేదు నాయనా. తెలిసుంటే పిలిచేదాన్ని కాదు." కొంగుతో టీవీ మీది దుమ్ము తుడిచింది, చేతులకు ఏదో పని కావాలన్నట్టు. "పక్కింట్లో ఒరియా వాళ్ళు. కింద అరవం వాళ్ళు. మంచోళ్ళే. అయితే వాళ్ళు మాట్లాడేది నాకు తెలీదు, నేను మాట్లాడేది వాళ్ళకు తెలీదు. పొద్దన్నించి సాయంత్రం దాకా తెలుగు మాట వినపడేది దీంట్లోనే. సరేలే, నువ్వు పో అప్పా. మావాడొచ్చినాక చూసుకుంటాడు."

వీరప్ప వాకిలి దాకా వచ్చాడు. కిందికి దిగాల్సినవాడు, పళ్ళు నూరుకుంటూ పైకి ఎక్కాడు.

మేడ మీద ఆ పని చూసేసరికి అతని కోపం ఇంకో దారి పట్టింది. యాంటెనాను నీళ్ళ ట్యాంకు పక్కనే ఇరికించి, రెండు బోల్టులతో సరిపెట్టారు. అదీ వేళ్ళతో తిప్పితే తిరిగేలా. గాలికది మెడ తిప్పుకుని ట్యాంకును చూస్తోంది. ఆగ్నేయ మూలకు, బాగా పైకి చూడాల్సిన వస్తువు! "తూ, ఇదొక పనా?" అని పైకే తిట్టాడు. కేబుల్ పెట్టిన కొత్తలో మంచం అంత డిష్షులను తాళ్ళతో మేడ మీదికి లాగి, అర అంగుళం అటూ ఇటూ జరుపుతూ పూటలకు పూటలు గడిపినవాడు అతను. ఈ పని ఇలా వదిలి కిందికి దిగడం అతని చేతులకు రాలేదు.

యాంటెనాను ఊడదీసి పిట్టగోడ అవతలి కొసకు మార్చాడు. ఎదురింట్లో డ్రిల్లు అడిగి తెచ్చి నాలుగు బోల్టులూ బిగించాడు. అక్కడినుంచి టీవీ దాకా తీగ చాలలేదు. చుట్టూ చూశాడు. తన కోసిన తీగ మిగతా సగం పిట్టగోడ మీద పడి ఉంది. ఒక నిమిషం దాన్ని చూసి, ఒక మాట గొణుక్కుని, ఎత్తి కొలిచి, రెంటినీ కలిపి బిగించాడు. తర్వాత కిందికి వంగి కేకేశాడు.

"అమ్మా! తెర మీద రెండు సిగ్నల్ గీతలుంటాయి, చూడు. పచ్చగా అయినాయా?"

"ఒకటి పచ్చగా ఉండాది. ఒకటి ఎర్రగా!"

"ఇప్పుడో?"

"రెండూ ఎర్రగా అయిపాయె!"

"ఇప్పుడు?"

"ఆ... ఆ... పచ్చగా వస్తాండాది... అయ్యో, పాయె! వెనక్కి రా, వెనక్కి!"

పక్కింటి ఒరియా అమ్మాయి గుమ్మంలోకి వచ్చి నవ్వుతూ చూసింది. పావుగంట ఇలా గడిచాక కిందినుంచి మాట వినబడింది. వెంకటసుబ్బమ్మది కాదు. టీవీలో ఎవరో రైతు, వేరుశనగ తెగులు గురించి, తీరిగ్గా, తెలుగులో. తర్వాత ఆమె గొంతు, "చాలప్పా, ఇంక ముట్టుకోవద్దు!"

అతను చేతులు తుడుచుకుంటూ దిగేసరికి జితేంద్ర ఫ్యాక్టరీ బస్సు దిగి వచ్చాడు. యూనిఫాం, భుజాన సంచి. వీరప్పను చూసి మెట్ల మీదే ఆగిపోయాడు.

"మీరెందుకొచ్చినారు సార్?"

"మీ అమ్మ పిలిచింది. ఏమప్పా, ఆరేళ్ళు నా తీగ వాడుకుని, కోసే ముందర ఒక్క మాట చెప్పుంటే నీ సొమ్మేం పోయేది?"

జితేంద్ర మెత్తనివాడు. కానీ రోజంతా నిలబడి పనిచేసి వచ్చాడు.

"ఫోన్ చేసినా సార్. ఆరుసార్లు చేసినా. ఆరుసార్లూ రేపొస్తాది అన్నారు. మా అమ్మ మీ మాట నమ్మి, పొద్దున్నే పనంతా ముగించుకుని టీవీ ముందర కూర్చునేది. సాయంత్రం నేనొచ్చినా ఆడే కూర్చునుండేది. ఇంకో దావ చూసుకోమని ఒక్క మాట మీరు చెప్పుంటే మాకూ ఇంత అవస్థ ఉండేది కాదు కదా?"

వీరప్పకు చెప్పుకోవడానికి కృష్ణగిరి ఆఫీసు ఉంది, పునీత్ ఉన్నాడు, వెనక మెట్లున్నాయి. కాఫీ తాగిపొమ్మని వెంకటసుబ్బమ్మ పిలుస్తున్నా వినిపించుకోకుండా దిగిపోయాడు.

ఇంటికి వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా చందాదారుల పుస్తకం తీశాడు. మిగిలినవాళ్ళకు వరుసగా ఫోన్ చేశాడు. "నేను కేబుల్ వీరప్పను. తెలుగు ఎప్పుడొస్తాదో నాకు తెల్దు. కృష్ణగిరికి పోయి అడిగినాను, చెప్పలేదు. మీకు అవసరమైతే వేరే ఏదైనా పెట్టుకోండి" అన్నాడు. కొందరు పెట్టుకుంటామన్నారు. ఒకాయన, "ఇది పది దినాల ముందు చెప్పాల్సింది కదప్పా" అన్నాడు. ఎదురు చూస్తామన్నవాళ్ళూ కొందరున్నారు. మంజులమ్మ అన్నీ వింటూ చిక్కుళ్ళు ఒలిచింది. ఆమె ఏదైనా అనుంటే తిరిగి అరిచేవాడేమో.

ఆ తర్వాత నెల రోజులకు, ఎవరూ చెప్పాపెట్టకుండా, తెలుగు చానళ్ళన్నీ తిరిగి వచ్చేశాయి. వీరప్ప గదిలో కూర్చుని ఒక్కొక్క నంబరూ నొక్కి నిజమేనని తేల్చుకున్నాడు. తర్వాత వదిలిపోయినవాళ్ళకు ఫోన్లు చేశాడు. ఇద్దరు వస్తామన్నారు. చాలామంది ఆలోచించి చెప్తామన్నారు. అందరికంటే చివర, ఇష్టం లేకుండానే, వెంకటసుబ్బమ్మకు చేశాడు.

"వచ్చేసినాయా? సంతోషమప్పా" అంది ఆమె. "అయితే మాకు వద్దులే. నువ్వు పెట్టిన యాంటెనా ఎంత గాలి కొట్టినా కదల్లేదు. రాత్రికి మావాడి ఫోన్లో సీరియలు చూస్తాను. సరిపోతాండాది. ఇంకోటి నాయనా, మా వెనక వీధిలో నాగజ్యోతి అని మా ఊరి పిల్ల కాపురముండాది. వాళ్ళ యాంటెనా కూడా వానకు తిరిగిపోయిందంట. నీ పేరు చెప్పినా."

వీరప్ప ఏదో గొణిగి ఫోన్ పెట్టేశాడు. బల్ల మీద వేళ్ళతో టకటకా కొట్టాడు.

"ఏమంట?" అంది మంజులమ్మ వాకిట్లోంచి.

"యాంటెనా సరిచేయాలంట. ఇరవై ఎనిమిదేళ్ళు కేబుల్ నడిపినోడు పోయి, ఊరోళ్ళకు కేబుల్ అక్కరలేకుండా చేసిరావాలంట."

"పోతావా?"

వీరప్ప బల్ల సొరుగు లాగాడు, మూశాడు. కింద పనిముట్ల పెట్టె తెరిచి గలగలా కెలికాడు.

"పదమూడో నంబరు స్పానరు యాడ పెట్టినావే?" అన్నాడు, విసుగ్గా.